ఇల్లే బడి అయినప్పుడు: చిన్నపిల్లల గృహవిద్యలో దినచర్య

పిల్లలను పాఠశాలలో చేర్పించకుండా, తల్లిదండ్రులే పూర్తి బాధ్యత వహించి ఇంటివద్ద చదువు చెప్పే పద్ధతిని గృహవిద్య అంటారు. వాడుకలో దీనికి హోమ్‌స్కూలింగ్ అనే పేరు స్థిరపడింది. బడి వదిలిన తరువాత చెప్పించే ట్యూషను గృహవిద్య కాదు, ఎందుకంటే అది పాఠశాల చదువుకు అదనంగా చేర్చినది మాత్రమే. పాఠశాల నడిపే ఆన్‌లైన్ తరగతులూ గృహవిద్య కావు, ఎందుకంటే అక్కడ ఉపాధ్యాయుడు, పాఠ్యప్రణాళిక, పరీక్ష అన్నీ పాఠశాలవే అయి, గది ఒక్కటే మారుతుంది. పిల్లవాడు ఏమి నేర్చుకోవాలి, ఎప్పుడు నేర్చుకోవాలి, ఎంత వేగంతో నేర్చుకోవాలి అనే మూడు నిర్ణయాలూ కుటుంబం చేతిలోకి వచ్చినప్పుడే దానికి గృహవిద్య అన్న పేరు తగుతుంది.

ఈ విషయం మీద జరిగే చర్చ సాధారణంగా బడి మంచిదా, ఇల్లు మంచిదా అన్న వాదం దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. చిన్నపిల్లల విషయంలో అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడో ఏటినుంచి ఎనిమిదో ఏటివరకు గల కాలాన్ని పునాది దశగా గుర్తించింది. ఈ వయసు పిల్లలకు పాఠానికీ ఆటకూ, పనికీ మాటకూ నడుమ గోడలు ఉండవు కాబట్టి, వారి చదువు ఎలా ఉందో తెలుసుకోవాలంటే పుస్తకాల జాబితాను కాక, ఆ ఇంట్లో ఒక మామూలు రోజు తెల్లవారినది మొదలు పిల్లలు నిద్రపోయేవరకు ఎలా గడుస్తున్నదో చూడాలి. గృహవిద్య నిలిచేదీ కూలేదీ ఆ దినచర్య మీదనే, ఆ దినచర్యను ఇంట్లో ఎవరెవరు ఎంతెంత మోస్తున్నారన్న దాని మీదనే.

ఇంట్లో చదువు చెప్పడం తెలుగునాట పూర్తిగా కొత్త సంగతి కాదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, అప్పటి మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ)లోని కలెక్టర్లందరినీ తమ జిల్లాల్లోని బడుల వివరాలు సేకరించి పంపమని ఆదేశించాడు. ఆ రాజధానిలో కోస్తా జిల్లాలూ, మన్రో స్వయంగా కలెక్టరుగా పనిచేసిన దత్తమండలాలూ (నేటి రాయలసీమ ప్రాంతం) ఉన్నాయి. ఆ వివరాల ఆధారంగా 1826లో అతడు రాసిన నివేదికలో, మద్రాసు నగరంలో ఇళ్లలో చదువుకునే బాలుర సంఖ్య 26 వేలకు పైగా ఉన్నదనీ, అది బడుల్లో చదివేవారి సంఖ్యకు సుమారు ఐదు రెట్లనీ పేర్కొన్నాడు. ఆ సంఖ్యలో పొరపాటు ఉండవచ్చునని మన్రోయే సందేహించాడు గాని, బంధువుల వద్దనో సొంత పంతుళ్ల వద్దనో ఇంట్లో చదువుకోవడం దేశంలో ఏ ప్రాంతంలోనూ అరుదు కాదని అంగీకరించాడు. అయితే ఆ చదువు కులానికీ కలిమికీ లోబడినది. ఆడపిల్లల్లో అత్యధికులకూ, శ్రామిక కులాల పిల్లల్లో చాలామందికీ అది అందలేదు. అందరికీ తలుపు తెరిచిన బడి సాధించిన మేలును మరచి గృహవిద్యను గురించి మాట్లాడటం న్యాయం కాదు.

ఆధునిక గృహవిద్యకు ఆలోచనాపరమైన పునాది వేసినవారిలో కొందరి భావాలు చిన్నపిల్లల దినచర్యకు నేరుగా ఉపయోగపడతాయి. ఇంగ్లండుకు చెందిన షార్లట్ మేసన్ 1886లో ప్రచురించిన ‘హోమ్ ఎడ్యుకేషన్’ అనే గ్రంథంలో, ఆరేళ్లలోపు పిల్లలకు లాంఛనమైన పాఠాలు అవసరం లేదనీ, వారు రోజులో ఎక్కువ భాగం ఆరుబయట గడపాలనీ, ఆ తరువాత కూడా ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఒక్కొక్క పాఠం సాధారణంగా 20 నిమిషాలు దాటకూడదనీ సూచించింది. విన్న కథను పిల్లవాడు తన మాటల్లో తిరిగి చెప్పడం ఆమె పద్ధతిలో ముఖ్యమైన భాగం. దీనిని పునఃకథనం అనవచ్చు. ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరంలోని పేదల వాడలో స్థాపించిన బాలల గృహంలో, నీళ్లు ఒంపడం, గుండీలు పెట్టుకోవడం, నేల ఊడ్వడం వంటి పనులనే విద్యాసాధనాలుగా మలచింది. ఆమె 1939లో మద్రాసు వచ్చి, యుద్ధకాలమంతా భారతదేశంలోనే ఉండిపోయి, అడయారులోనూ ఇతర చోట్లా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. గుజరాతులో న్యాయవాదిగా ఉన్న గిజుభాయి బధేకా తన కుమారుడి పెంపకం గురించి ఆలోచిస్తూ బాలవిద్యవైపు మళ్లి, 1920లో భావనగరులో బాలమందిరాన్ని ప్రారంభించాడు. ఆయన రాసిన ‘దివాస్వప్న’ అనే రచనలో ఉపాధ్యాయుడు పాఠాలతో కాక కథలతో తరగతిని మొదలుపెడతాడు. అమెరికాలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన జాన్ హోల్ట్, బడులను సంస్కరించగలమన్న ఆశ సన్నగిల్లిన తరువాత 1977లో గృహవిద్యా కుటుంబాల కోసం ఒక పత్రికను స్థాపించి, పిల్లలకు ముందుగా నిర్ణయించిన ప్రణాళిక కన్నా వారి ఆసక్తే మంచి మార్గదర్శి అని వాదించాడు. ఈ నలుగురూ వేర్వేరు దేశాలకు, వేర్వేరు నమ్మకాలకు చెందినవారైనా, చిన్న వయసులో బట్టీ పాఠాల కన్నా పిల్లలు స్వయంగా చేసి నేర్చుకునే అనుభవానికి ముందు చోటివ్వాలన్న విషయంలో దగ్గరగా ఉన్నారు.

ఈ సూత్రాలు తెలుగు ఇంట్లో ఏ రూపం తీసుకుంటాయన్నది ఆలోచించదగిన విషయం. నాలుగేళ్ల పిల్ల, ఏడేళ్ల పిల్లవాడు ఉన్న ఇంటిని ఉదాహరణగా తీసుకుంటే, అక్కడ ఉదయపు పనులే మొదటి పాఠాలవుతాయి. పక్కబట్టలు మడత పెట్టడం, తులసికోటకో కుండీల్లోని మొక్కలకో నీళ్లు పోయడం, ఉతికి ఆరిన బట్టల్లో ఎవరివి వారికి వేరు చేయడం వంటి పనుల్లో వరుస, వర్గీకరణ, బాధ్యత ఒకేసారి అలవడతాయి. ఇలాంటి పనులు పెద్దలు చేస్తే పది నిమిషాల్లో ముగుస్తాయి, పిల్లలతో చేయిస్తే అరగంట పడుతుంది. ఆ అదనపు సమయాన్ని ఆలస్యంగా కాక చదువుగా లెక్కించగలిగిన కుటుంబానికే గృహవిద్య సాధ్యమవుతుంది.

వంటిల్లు గణితానికీ విజ్ఞానశాస్త్రానికీ మంచి నెలవు. పాతకాలపు కొలతలు ఇంకా ఉన్న ఇళ్లలో రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అవుతాయని బియ్యం కొలిచి చూపితే, రెట్టింపు అంటే ఏమిటో, సగం అంటే ఏమిటో, పావు అంటే ఏమిటో పిల్లల చేతికి తెలుస్తుంది. ఇడ్లీ పిండికి ఒక గ్లాసు మినపప్పు నానబోస్తే రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కావాలని తెలిసిన పిల్లవాడిని, చుట్టాలు వచ్చిన రోజున రెండు గ్లాసుల పప్పుకు రవ్వ ఎంత కావాలని అడిగితే, నిష్పత్తి అనే మాట వినకముందే నిష్పత్తిని సాధిస్తాడు. ఆ పిండి రాత్రికి రాత్రి ఎందుకు పొంగింది, చలికాలంలో ఎందుకు ఆలస్యంగా పులుస్తుంది అన్న ప్రశ్నల నుంచి, కంటికి కనిపించని సూక్ష్మజీవుల గురించీ ఉష్ణోగ్రత గురించీ చెప్పడానికి దారి దొరుకుతుంది.

వాకిట్లో వేసే చుక్కల ముగ్గు కూడా ఇటువంటి సాధనమే. మధ్య వరుసలో 7 చుక్కలు పెట్టి, ఆ వరుసకు పైనా కిందా రెండేసి చుక్కల సందున ఒక్కొక్క చుక్క చొప్పున 6, 5, 4 చుక్కల వరుసలు పెడుతూ పోయే పద్ధతిని సందు చుక్క అంటారు. అలా పెట్టిన చుక్కలన్నీ కలిపి 37 అవుతాయి. వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం నాలుగేళ్ల పిల్లకు తగిన పని, పైభాగం కిందభాగం సమానమని గమనించి, ఒక వైపు 15 కాబట్టి రెండు వైపులా 30, మధ్య వరుస 7 కలిపితే 37 అని చెప్పడం ఏడేళ్ల పిల్లవాడికి తగిన పని. ఒకే ముగ్గు ఇద్దరికీ రెండు వేర్వేరు పాఠాలు చెప్పగలగడం గృహవిద్యలోని ప్రత్యేక సౌకర్యం. పద్నాలుగు గుంటల్లో చింతపిక్కలు పంచుతూ ఆడే వామనగుంటలు, గవ్వలు వేసి ఆడే అష్టాచెమ్మా కూడా లెక్కతో పాటు, ఎత్తు ముందుగా ఆలోచించడాన్నీ, తన వంతు వచ్చేవరకు ఓపిక పట్టడాన్నీ, ఓడినప్పుడు అలగకుండా ఉండటాన్నీ నేర్పుతాయి.

భాష విషయంలో ఇంటికి ఉన్న శక్తి ఇంకా పెద్దది. జాతీయ విద్యావిధానం వీలైనంతవరకు కనీసం అయిదో తరగతిదాకా ఇంటిభాషలోనో మాతృభాషలోనో బోధన జరగాలని సూచించింది. ప్రైవేటు బడుల్లో అధికభాగం తొలిమెట్టునుంచే ఇంగ్లీషులో బోధిస్తున్న నేటి స్థితిలో, గృహవిద్యను ఎంచుకున్న తెలుగు కుటుంబానికి పిల్లల ఆలోచనను తెలుగులోనే మొలకెత్తించే అవకాశం ఉంటుంది. వర్ణమాలను అకారంనుంచి క్షకారందాకా వరుసగా అప్పగించిన తరువాతే చదవడం మొదలుపెట్టాలన్న నియమమేమీ లేదు. గ, ద, డ, ర అనే నాలుగు అక్షరాలు రాగానే గద, గడ, గరగర, దడదడ వంటి మాటలు చదవగలిగిన పిల్లవాడికి, అక్షరం కలిస్తే మాట పుడుతుందన్న రహస్యం తెలిసిపోతుంది. పళ్లెంలో పోసిన బియ్యం మీదనో ఇసుక మీదనో వేలితో రాయించడం, పెన్సిలు పట్టు కుదరని వేళ్లకు సులభంగా ఉంటుంది. గుణింతాలు, ఒత్తులు వచ్చే దశలో తెలుగు లిపి కొంత కష్టమనిపిస్తుంది కాబట్టి, రోజుకు పావుగంట చొప్పున చాలాకాలం సాగించడమే మేలు గాని ఒకేసారి గంటలకొద్దీ కూర్చోబెట్టడం తగదు. రాత్రి చెప్పిన కథను మరునాడు పిల్లలచేత చెప్పించడం, ఒక్కొక్క పద్యం నోటికి నేర్పి అర్థం మాట్లాడుకోవడం, ఈ రెండూ లిపి రాకముందే సాహిత్యాన్ని ఇంట్లోకి తెస్తాయి. విదేశాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లల ఇళ్లకు ఈ మాట మరింత వర్తిస్తుంది, ఎందుకంటే అక్కడ వీధిలో గాని బడిలో గాని తెలుగు సాధారణంగా వినబడదు, ఇల్లొక్కటే ఆ భాషకు ఆధారం.

దినచర్యలో శరీరానికి కేటాయించే కాలాన్ని తగ్గించకూడదు. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు కదలికతో కూడిన ఆటపాటల్లో గడపాలనీ, 10 నుంచి 13 గంటలు నిద్రపోవాలనీ, కదలకుండా తెర ముందు కూర్చునే కాలం గంటకు మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. పిల్లలు రోజంతా ఇంట్లోనే ఉండే కుటుంబంలో తెరను కాలక్షేపంగా వాడే ప్రలోభం ఎక్కువ, అలసిన తల్లికి అది తేలికైన సహాయంగా కనిపిస్తుంది కూడా. అందువల్ల తెర గురించిన నియమం పిల్లలకు చెప్పే నీతిగా కాక, పెద్దల పని ఒత్తిడిని తగ్గించే ఏర్పాటుగా ఉండాలి.

ఇక్కడే గృహవిద్యలోని అతి ముఖ్యమైన ప్రశ్న ఎదురవుతుంది. పైన చెప్పిన దినచర్యను నడిపేది ఎవరు? జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాలవినియోగ సర్వే, అంటే ప్రజలు రోజులోని సమయాన్ని ఏయే పనులకు ఖర్చుపెడుతున్నారో లెక్కించిన సర్వే, దేశంలో జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చిస్తుండగా, పాల్గొనే పురుషులు 97 నిమిషాలే వెచ్చిస్తున్నారని తేల్చింది. ఇప్పటికే అయిదు గంటల ఇంటిపని చేస్తున్న తల్లిమీద బడి పని మొత్తాన్ని మోపి, దానికి గృహవిద్య అని పేరుపెట్టడం ఆమెకూ న్యాయం కాదు, పిల్లలకూ మేలు కాదు. అలసటతో విసిగిన గొంతులో చెప్పిన పాఠం పిల్లవాడికి పాఠంగా అందదు, తన వల్లే అమ్మకు కష్టం కలుగుతున్నదన్న భావంగా అందుతుంది. గృహవిద్యను ఎంచుకునే తండ్రి, జీతం తెచ్చి ఇవ్వడంతో తన వంతు తీరిందని భావించక, రోజులో నిర్ణీతమైన గంటలు తనవిగా తీసుకుని, ఆ గంటల్లో తల్లికి పూర్తి విశ్రాంతి దొరికేట్లు చూడాలి. తాతయ్య, నానమ్మ, అమ్మమ్మ ఇంట్లో ఉంటే కథలకూ పద్యాలకూ మొక్కల పెంపకానికీ వారిని మించిన గురువులు ఉండరు. అయితే వారి వయసునూ ఓపికనూ గౌరవించి, వారి ఇష్టం మేరకే ఆ పని అప్పగించాలి.

ఈ విషయంలో మహాత్మాగాంధీ అనుభవం గుణపాఠంగా నిలుస్తుంది. 1897లో ఆయన కుటుంబంతో దక్షిణాఫ్రికాలోని దర్బను చేరినప్పుడు ఇంట్లో చదువుకునే వయసు పిల్లలు ముగ్గురు ఉన్నారు. యూరోపియన్ల పిల్లల బడుల్లో ప్రత్యేకమైన దయగా చోటు దొరికే అవకాశం ఉన్నా, మిగతా భారతీయుల పిల్లలకు దొరకనిది తన పిల్లలకు అక్కరలేదని ఆయన నిరాకరించి, ఇంట్లోనే చదువు ఏర్పాటు చేశాడు. ఆ నిర్ణయంలో ఆత్మగౌరవం ఉంది, సమానత్వ భావన ఉంది. కానీ ప్రజాసేవలో తలమునకలైన తాను పిల్లలకు తగినంత సమయం ఇవ్వలేకపోయాననీ, ఆ లోటు గురించి కుమారులు తనపై ఫిర్యాదు చేస్తూ వచ్చారనీ ఆయన ఆత్మకథలో దాపరికం లేకుండా రాశాడు. ఆశయం ఎంత గొప్పదైనా, దానికి రోజూ కొంత సమయం కేటాయించకపోతే పిల్లల చదువులో ఆ లోటు మిగిలిపోతుందని ఆ అనుభవం చెబుతున్నది.

తోటిపిల్లల సహవాసం గృహవిద్య మీద తరచుగా వచ్చే మరో ప్రశ్న, అది న్యాయమైన ప్రశ్నే. బడి కేవలం పాఠాలు చెప్పే చోటు కాదు. వేరే కులాలకు, మతాలకు, ఆర్థిక స్థితులకు చెందిన పిల్లలు ఒకే బల్లమీద కూర్చుని కలిసి తినే చోటు కూడా. ఇంట్లో చదివే పిల్లవాడికి చుట్టాల పిల్లలు, ఒకే అపార్టుమెంటులోని పిల్లలు మాత్రమే స్నేహితులైతే, అతడి ప్రపంచం తనవంటివారితోనే నిండిపోతుంది. కాబట్టి శాఖా గ్రంథాలయానికి, ఆటమైదానానికి, సంగీతం, చిత్రలేఖనం నేర్పే కేంద్రాలకు పిల్లలను క్రమం తప్పకుండా తీసుకువెళ్లడం దినచర్యలో భాగం కావాలి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఆకాశవాణిలో రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా తెలుగు పిల్లలను చేరదీసి, బాలానంద సంఘం ద్వారా ఆటపాటలు, నాటికలు నేర్పి, బడి బయట కూడా పిల్లలు సమూహంగా ఎదగగలరని నిరూపించారు. అటువంటి బాలల సంఘాలు ప్రతి పేటలోనూ ఏర్పడితే, గృహవిద్యా కుటుంబాలకే కాక బడికి వెళ్లే పిల్లలకూ మేలు కలుగుతుంది.

చట్టం విషయంలో స్పష్టత అవసరం. 2009లో ఆమోదం పొంది 2010 ఏప్రిల్ 1నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ ప్రాథమిక విద్యను హక్కుగా చేసింది. పిల్లలను సమీప పాఠశాలలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని ఆ చట్టంలోని 10వ సెక్షను చెబుతుంది. ఆ విధిని పాటించని తల్లిదండ్రులకు చట్టం శిక్షను నిర్దేశించలేదు, గృహవిద్యను పేరుపెట్టి అనుమతించనూ లేదు, నిషేధించనూ లేదు. ఈ అస్పష్టతను తెలిసి ఎంచుకోవడం వేరు, తెలియక ఎంచుకోవడం వేరు. అదే చట్టంలోని 4వ సెక్షను ప్రకారం, ఇంతవరకు బడిలో చేరని పిల్లలను వారి వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనుకబడిన అంశాల్లో ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. కాబట్టి కుటుంబం తన నిర్ణయాన్ని మార్చుకోదలిస్తే బడి తలుపు మూసుకుపోదు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ప్రాథమిక స్థాయిలో 3, 5, 8 తరగతులకు సమానమైన మూడు మెట్ల చదువును ఏర్పాటు చేసింది; 14 ఏళ్లు నిండినవారు పదో తరగతికి సమానమైన పరీక్ష రాయవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో కూడా సార్వత్రిక విద్యాపీఠాలు ఉన్నాయి.

బడికి వెళ్లని పిల్లలకు తెలియకుండా తప్పిపోయే ప్రయోజనం మరొకటి ఉంది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకూ ప్రభుత్వ పాఠశాలలకూ వెళ్లి, పిల్లల్లో లోపాలనూ, జబ్బులనూ, ఎదుగుదలలోని జాప్యాన్నీ గుర్తిస్తాయి. ఇంట్లో చదివే పిల్లలు ఈ వలయానికి బయట ఉండిపోతారు కాబట్టి, చూపు, వినికిడి, దంతాలు, ఎత్తు, బరువు ఏటేటా పరీక్ష చేయించే బాధ్యత తల్లిదండ్రులదే. అలాగే, ఏడెనిమిదేళ్లు వచ్చినా అక్షరాలను మాటగా కూడబలుక్కోవడం పిల్లవాడికి ఎంతకూ కుదరకపోతే, నిదానంగా వస్తుందిలే అని ఏళ్లు గడపకుండా నిపుణులకు చూపించాలి. డిస్లెక్సియా అనే పఠన సమస్య తెలివికి సంబంధించినది కాదు, త్వరగా గుర్తిస్తే తగిన పద్ధతిలో నేర్పవచ్చు. ఇందుకోసం ఒక నోటుపుస్తకంలో వారానికొకసారి పిల్లవాడు చదివినది, చెప్పినది, చేసినది, తడబడినది తేదీతో సహా రాసిపెట్టడం మంచిది. ఆ పుస్తకం మార్కుల పట్టిక కాకూడదు. ఆరు నెలల తరువాత వెనక్కి తిరిగి చూసినప్పుడు పిల్లవాడు ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చాడో నిజాయితీగా చెప్పే ఆధారం కావాలి.

ఇన్ని విషయాలను కలిపి చూసినప్పుడు తేలేది ఇది. ప్రేమ, సమయం, పని పంపకం, స్నేహితులు, వైద్యపరీక్ష, అవసరమైతే బడికి చేరే దారి అన్నీ కుదిరిన ఇంట్లో గృహవిద్య చిన్నపిల్లలకు మంచి చదువే. వీటిలో ఏ ఒక్కటి కొరవడినా, సమీపంలోని బడే పిల్లలకు మేలైన చోటు. కనుక ఈ మార్గం గురించి ఆలోచిస్తున్న దంపతులు, నిర్ణయానికి ముందు ఇద్దరూ కలిసి కూర్చుని, రాబోయే ఒక వారంలో ప్రతి గంటా ఎవరి బాధ్యతో కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితంలో తల్లి విశ్రాంతికీ, తండ్రి పాఠానికీ, పిల్లల ఆటకూ చోటు దొరకకపోతే ఆ నిర్ణయాన్ని వాయిదా వేయాలి. పిల్లలను బడికి పంపుతున్న తల్లిదండ్రులు కూడా వంటింటి కొలతలను, వాకిటి ముగ్గును, రాత్రి కథను బడికే వదిలివేయకుండా తమ చేతుల్లోకి తీసుకోవాలి, ఎందుకంటే పునాది దశలో ఉన్న ప్రతి పిల్లవాడికీ ఇల్లు సగం బడి కావలసిందే.